రోజుకొక మాత్ర
(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి పొద్దుట్నుంచీ విన్నారు. నేను హెచ్ఐవీ మందుల గురించి నాలుగు మాటలు చెబుతాను. మన సంఘాల్లో ఈ మందు వాడేవాళ్లు ఉన్నారు. ఎవరని నేను చెప్పను, మీరూ ఆరా తీయొద్దు.

ఒకప్పుడు ఈ జబ్బు వచ్చిందంటే ఇక చావే అనుకునేవాళ్లం. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి, పరీక్షలో ఉందని తేలితే చాలు, సీడీ4 ఎంతున్నా మందు ఇస్తున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. మూడు మందులు కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి.

ఈ మాత్ర వైరస్‌ను పూర్తిగా తీసెయ్యదు, పెరగనివ్వదు. మిరప వేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తామర పురుగుకు మందు సగం సగం కొడితే ఏమవుతుంది? పురుగు చావదు సరికదా, ఆ మందుకు అలవాటు పడుతుంది. తర్వాత ఎంత కొట్టినా పనిచెయ్యదు. మాత్ర ఒకరోజు వేసుకుని రెండురోజులు మానితే వైరస్ కూడా అంతే.

ఒక చెల్లెలు తన సంగతి మీకు చెప్పమంది. మిరపకాయ కోతలకు వేరే ఊరు వెళ్లింది. పదిమంది ఒకేచోట పడుకుంటారు, డబ్బా చూస్తే అడుగుతారని మాత్రలు ఇంట్లోనే వదిలేసింది. తిరిగొచ్చాక ఒంట్లో బాగానే ఉంది కదా అని ఇంకొన్నాళ్లు మానేసింది. తర్వాత జ్వరం, దగ్గు. పరీక్ష చేస్తే టీబీ. "అక్కా, నేను జబ్బుకు భయపడలేదు, మీ అందరికీ భయపడి మానేశాను" అంది. ఇప్పుడు రెండు మందులూ వాడుతూ కోలుకుంటోంది. ఆ మాట మాత్రం నా మనసులోంచి పోవడం లేదు.

మాత్ర వాడే వాళ్లు గుర్తుంచుకోవాల్సినవి:

రోజూ ఒకే వేళకు వేసుకోండి. రాత్రి అన్నం తిన్నాకో, సెల్లులో అలారం పెట్టుకునో. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. మర్నాడు రెండు కలిపి మింగొద్దు.

కూలికి, పెళ్లికి, తీర్థానికి వెళ్తే నాలుగు రోజుల మాత్రలు ఎక్కువే పట్టుకెళ్లండి. అయిపోకముందే సెంటరుకు వెళ్లండి.

ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్ మందు దీంతో కలిపి వేసుకుంటే దీని బలం తగ్గుతుంది. ఇది రాత్రికి, అవి పగటికి పెట్టుకోండి. షుగరు మాత్రలు, టీబీ మందులు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మోతాదు మార్చాల్సి రావచ్చు.

మొదట్లో తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. మీకు మీరే మానెయ్యొద్దు. ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పసరు మందు కోసం ఈ మాత్ర ఆపొద్దు.

మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, ఆ తర్వాత ఏటా వైరల్ లోడ్ పరీక్ష చేయించుకోండి. రోజూ వేసుకుంటూ, పరీక్షలో వైరస్ కనపడనంతగా తగ్గి, అలాగే ఉంటే, కాపురం వల్ల భర్తకు అంటదు. గర్భవతులకైతే, మందు లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకే ప్రమాదం ఉంది. తల్లీబిడ్డలిద్దరికీ సరిగ్గా మందు పడితే అది 5 లోపుకు తగ్గుతుంది.

ఏఆర్‌టీ వాడేవాళ్లకు ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. అనుమానాలుంటే 1097కు ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు. ఈ జబ్బు ఉందని పనిలోంచి తీసెయ్యడం తప్పని 2017 చట్టం చెబుతోంది.

ఇక మిగతా మనందరి పని. ఏ సభ్యురాలైనా మాత్ర వేసుకుంటుంటే "దేనికి?" అని అడగొద్దు. మంచినీళ్లు ఇవ్వండి, చాలు. ఒకరి కిస్తీ ఆగితే పదిమందిమీ సర్దుకుని కట్టేవాళ్లం మనం. ఒకరి మాత్ర మనవల్ల ఆగిందన్న మాట వచ్చే ఏడాది సభలో వినపడకూడదు.