ఐదు కప్పుల కాఫీ తాగినా నిద్ర ఎందుకొచ్చింది?

ఈ రోజు వీడియో కాఫీ గురించి. ముందే చెప్పేస్తున్నా, కాఫీ మానెయ్యమని చెప్పడానికి రాలేదు. ఇదిగో, ఇప్పుడు కూడా నా పక్కన కప్పు ఉంది. కానీ ఏ టైంకి తాగుతున్నాం, ఎంత తాగుతున్నాం అన్నదాన్ని బట్టి రోజంతా మన ఓపిక మారిపోతుంది. అది నాకు తెలిసొచ్చిన రోజు గురించి ముందు చెప్తాను.

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న రోజులవి. హైదరాబాద్‌లో రూమ్. పొద్దున లేవగానే ఒక కాఫీ, టిఫిన్‌తో ఒకటి, 11కి ఒకటి, మధ్యాహ్నం భోజనం చేశాక కళ్లు మూతలు పడుతుంటే ఒకటి, రాత్రి చదవాలి కాబట్టి 9కి ఇంకొకటి. మొత్తం ఐదు. "నాకు కాఫీ తాగినా నిద్ర పట్టేస్తుంది బ్రో" అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

ఒక రోజు రాత్రి, ఐదో కాఫీ తాగాక తమ్ముణ్ణి బస్టాండ్‌లో దింపుదామని బండి తీశాను. దారిలో ఒక్క క్షణం నా కళ్లు మూతపడ్డాయి. వెనక కూర్చున్న వాడు భుజం పట్టి గుంజి "అన్నా!" అని అరిచాడు. చూస్తే ఎదురుగా బస్సు బ్రేక్ లైట్లు. బ్రేక్ పడింది కాబట్టి సరిపోయింది. పక్కకి ఆపి దిగాను. చేతులు వణుకుతున్నాయి. వాడు ఏమీ తిట్టలేదు. "నేను ఆటోలో వెళ్తాలే, నువ్వు రూమ్‌కెళ్లి పడుకో" అన్నాడు. ఆ మాటే ఎక్కువ తగిలింది.

ఐదు కాఫీలు తాగినవాడికి నిద్ర ఎలా వచ్చింది? అక్కడి నుంచే నేను చదవడం మొదలుపెట్టాను.

మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది ఎక్కువయ్యే కొద్దీ మనకి నిద్ర ముంచుకొస్తుంది. పడుకుంటే తగ్గుతుంది. కాఫీలోని కెఫీన్ ఏం చేస్తుందంటే, ఆ అడెనోసిన్ వెళ్లి కూర్చోవాల్సిన సీట్లో ముందే వెళ్లి కర్చీఫ్ వేసేస్తుంది. అడెనోసిన్ ఎక్కడికీ పోదు, సీటు కోసం నిలబడే ఉంటుంది. కెఫీన్ దిగిపోగానే అదంతా వచ్చి కూర్చుంటుంది. మధ్యాహ్నం 3కి ఒక్కసారిగా నీరసం వస్తుంది కదా, అందులో దీని వంతు కూడా ఉంది.

ఇంకోలా చెప్తాను. ఫోన్‌లో 5 శాతం ఛార్జ్ ఉంది. లో బ్యాటరీ అని మెసేజ్ వస్తోంది. ఆ మెసేజ్ రాకుండా ఆపేస్తే ఛార్జ్ పెరుగుతుందా? పెరగదు. నేను రోజూ చేసింది అదే. ఛార్జర్ మాత్రం నిద్రే.

మరి రాత్రి 9 కాఫీ సంగతేంటి? తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. మనిషిని బట్టి ఇది తక్కువా ఎక్కువా ఉంటుంది. లెక్క వేసి చూడండి. రాత్రి 9కి 100 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తే, 2 గంటలకి ఇంకా 50 ఉంటుంది. పొద్దున 7కి కూడా 25 మిగిలే ఉంటుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, పడుకునే 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు ఇచ్చినా నిద్ర గంటకు పైగా తగ్గిపోయింది. అది పెద్ద మోతాదే, మనం ఒకేసారి అంత తాగం. కానీ "నాకు నిద్ర పట్టేస్తుంది బ్రో" అనే వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. నిద్ర పట్టడం వేరు, గాఢంగా పట్టడం వేరు. గాఢ నిద్ర తగ్గితే పొద్దున అలసటతోనే లేస్తాం. లేవగానే కాఫీ కావాలనిపిస్తుంది. అలా చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఎంత తాగొచ్చు? మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటొద్దని చెప్పింది. వాళ్ల లెక్కలో 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే "నేను కాఫీ తాగను, చాయే" అని నాలుగు చాయ్‌లు కొట్టేవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఎనర్జీ డ్రింక్ కూడా అంతే. చికోరీలో మాత్రం కెఫీన్ ఉండదు, కాబట్టి పొడిలో చికోరీ ఎక్కువైతే కెఫీన్ తగ్గుతుంది.

అదే సంస్థ ఇంకో మాట చెప్పింది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దని. ఎందుకంటే అవి తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. మనలో, ముఖ్యంగా అమ్మాయిల్లో, రక్తం తక్కువ ఉన్నవాళ్లు ఎంతమందో. నీరసంగా ఉందని టిఫిన్‌తో కాఫీ తాగితే, ఆ నీరసానికే ఇంకో కారణం చేర్చినట్టు అవుతుంది.

నేనేం చేశానో చెప్తాను. మొదటి తప్పు, ఒకేసారి మానేశాను. రెండో రోజుకి తల పగిలిపోయింది. రోజూ తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే తలనొప్పి, చిరాకు రావడం మామూలే. అందుకే మళ్లీ మొదలుపెట్టి, వారానికి ఒక కప్పు చొప్పున తగ్గించాను. ముందు రాత్రిది తీసేశాను. ఇప్పుడు రెండే కప్పులు. టిఫిన్ తిన్న గంటన్నరకి ఒకటి, మధ్యాహ్నం 2 లోపు ఒకటి. 3కి నీరసం వస్తే 20 నిమిషాలు అలారం పెట్టుకుని పడుకుంటున్నా. రెండు మూడు వారాలు కష్టంగానే ఉంది. తర్వాత ఒక ఆదివారం అలారం లేకుండా లేచాను. కాఫీ సంగతి గంట దాకా గుర్తే రాలేదు.

గర్భంతో ఉన్నవాళ్లు, బీపీ, గుండె దడ, ఆందోళన ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌నే అడగండి. తగ్గించినా, సరిగ్గా పడుకున్నా నీరసం పోకపోతే ఒకసారి రక్త పరీక్ష చేయించుకోండి.

ఒక్క మాట మాత్రం మర్చిపోకండి. బండి మీద నిద్ర వస్తుంటే, కాఫీ తాగి వెళ్లిపోదాం అనుకోకండి. ఆపండి. పడుకోండి. లేదంటే ఆటో ఎక్కండి. నా వెనక తమ్ముడున్నాడు కాబట్టి ఈ రోజు ఈ వీడియో చేస్తున్నాను.

మీ చివరి కాఫీ ఎన్ని గంటలకో కామెంట్‌లో పెట్టండి. రాత్రిళ్లు చదివే ఫ్రెండ్ ఉంటే వాళ్లకి ఇది షేర్ చెయ్యండి. ఉంటాను మరి, బై.