ద్విధ్రువ వ్యాధి: రెండవ రకము



నేను వైద్యుడను గాను. ముప్పదియైదు సంవత్సరములు తెలుగు పాఠములు చెప్పి విరమించినవాడను. అట్టివాడు మనోవ్యాధిని గూర్చి ప్రసంగించుట సాహసమని మీలో కొందఱకు తోపవచ్చును. కాని మా కుటుంబమున నొక వ్యాధిని పదునొకండేండ్లు వ్యాధియని యెఱుగకపోవుటయే గాక, దానిని నలుగురిలో మెచ్చుకొనినవాడను నేనే. ఆ యధికారముతో మాటలాడుచున్నాను.

బైపోలార్ అని వైద్యులు వ్యవహరించు ఈ వ్యాధిని మనము ద్విధ్రువ వ్యాధి యందము. మనసు కొంతకాలము ఉన్మాదమను కొసకును, కొంతకాలము విషాదమను కొసకును పోవుట దీని లక్షణము. మన చరకసంహితలో ఉన్మాదమునకు ప్రత్యేకముగా నధ్యాయములు కలవు. అంతమాత్రమున నేటి వైద్యులు చెప్పు విభాగమంతయు మనవారెన్నడో చెప్పియుండిరని వాదించుట నాకు సమ్మతము కాదు. 1854లో ఫ్రాన్సు దేశపు వైద్యులైన ఫాల్రే, బైయార్జె అనువారు ఈ రెండవస్థలును ఒకే వ్యాధియొక్క రెండు ముఖములని వర్ణించిరి. ఆ వ్యాధిలోనే రెండు రకములున్నవని అమెరికాలో డన్నర్ మొదలగువారు 1976లో చెప్పిరి. 1994లో అచ్చటి మనోవైద్యుల సంఘమువారి వర్గీకరణ గ్రంథమున రెండవ రకమునకు స్థానము లభించెను.

మొదటి రకమును నేను కన్నులార చూచితిని. నాతో పనిచేసిన గణితోపాధ్యాయుడొకడు మిక్కిలి నెమ్మదివాడు. ఒక వేసవిలో ఆయన వారము దినములకు పైగా నిదుర లేక తిరిగెను. పట్టణమునకంతకు మంచినీరు తెచ్చు భారము దైవము తనకే యొప్పగించెననెను. భార్య నగలు తాకట్టు పెట్టి గొట్టములు కొనెను. అడ్డము వచ్చిన అన్నగారిపై చేయి చేసికొనెను. మూడవ దినముననే వీధిలోని చిన్నపిల్లలకు సైతము ఇది రోగమని తెలిసినది. ఆసుపత్రిలో చేర్చితిమి. ఇది ఉన్మాదము. ఇట్టిది కనీసము వారము దినములుండినను, అంతకు లోపుగనే ఆసుపత్రిలో చేర్పవలసి వచ్చినను, జీవితమున నొక్కసారి వచ్చినను, అది మొదటి రకమే. విషాదము తఱచుగా దానిని వెన్నంటి వచ్చును గాని, ఆ పేరు పెట్టుటకు విషాదము వచ్చియే తీరవలెనన్న నియమము లేదు.

ఇక మా చెల్లెలి కుమారుని సంగతి. 2007లో వానికి ఇరువదినాలుగేండ్లు. కళాశాలలో తెలుగు చెప్పుచుండెను. ఆ మాఘమున వాని యొద్దనుండి నాకు దినమున కొక యుత్తరము రాసాగెను. ప్రతి యుత్తరముపైనను తేదీ, దానిప్రక్కన "తెల్లవారుజాము మూడు గంటలు" అని యుండెడిది. ఆఱు దినములలో నొక శతకము ముగించితినని వ్రాసెను. మూడు గంటలు నిదురించి, అలసట యెఱుగక కళాశాలకు పోయి, సాయంకాలము రెండు సభలలో మాటలాడి వచ్చెడివాడు. మాట వేగిరపడెను. అప్పు చేసి నలువదివేల రూపాయల పుస్తకములు కొనెను. అయినను ఉద్యోగము చెడలేదు. పై యధికారి మెచ్చుకొనెను. నేనో, ఆ యుత్తరములను చేతబట్టుకొని, మా వంశమున నొక ఆశుకవి పుట్టెనని యింటింటికిని చెప్పితిని.

ఈ యవస్థ పేరు ఉపోన్మాదము. ఉప యను నుపసర్గతో ఉన్మాదము చేరగా గుణసంధి. ఉపనది, ఉపగ్రహము అన్నట్లు ఇదియు చిన్నదే. ఇందు భ్రమలుండవు, సంసారము కూలదు, ఆసుపత్రి యక్కఱ రాదు. కాని ఆ మనుష్యుని సహజస్వభావమునకు భిన్నమని యితరులకు స్పష్టముగా దోచు మార్పు కనీసము నాలుగు దినములు నిలుచును. ఇట్టి ఉపోన్మాదమొకటియు, రెండు వారములకు తగ్గని గాఢవిషాదమొకటియు జీవితమున వచ్చియుండి, నిండు ఉన్మాదము ఎన్నడును రాకయున్నచో, అది రెండవ రకము. తరువాత నెన్నడైన నిండు ఉన్మాదము వచ్చెనా, పేరు మొదటి రకమునకు మాఱును. ఆ మాఱుట ఒకవైపునకే.

శతకము వ్రాసిన రెండు నెలలకు ఉత్తరములు నిలిచిపోయినవి. నేను వెళ్లి చూచితిని. గడ్డము మాసియున్నది. స్నానము లేదు. అన్నము ముందు పెట్టుకొని గోడ చూచుచుండెను. అర్జునుని విషాదమునకు ఎదుట నిలిచిన బంధువర్గమైనను కారణముగ నుండెను, వీనికదియు లేదు. ఆ శతకమును చింపబోయిన, మా చెల్లెలు లాగికొని దాచినది. మేము దిష్టి తీసితిమి, సోమరితనమని కోపపడితిమి, పెండ్లి చేసిన సరిపోవుననుకొంటిమి. ఇట్లే హెచ్చుతగ్గులతో సంవత్సరములు గడచినవి. హెచ్చు దినములు కొలది, తగ్గు మాసములు మిక్కుటము.

ఇది మా యింటి వింత కాదు. అమెరికాలో 86 మంది రెండవ రకపు రోగులను సుమారు పదుమూడేండ్లు కనిపెట్టి చూచి 2003లో ప్రకటించిన పరిశీలన యొకటి కలదు. వారముల లెక్కన నూటికి సుమారు 50 వారములు వారికి విషాదలక్షణములతో గడచినవి. ఉపోన్మాదముతో గడచినది నూటికొక వారమునకు కొంచె మెక్కువ. ఇక రోగి వైద్యుని యొద్దకెప్పుడు పోవును? విషాదమందే గదా. ఉత్సాహముతో పద్యములల్లువాడు వైద్యుని యింటి తలుపు తట్టడు.

ఒకటవది, రెండవది అను నంకెలు కూడ మోసము చేయును. బడిలో రెండవ తరగతి మార్కులు మొదటితరగతికి తక్కువ గనుక, ఇది తేలిక వ్యాధియని జనులు భ్రమింతురు. ఉపోన్మాదము చిన్నదే గాని విషాదము చిన్నది కాదు. ప్రాణాపాయమును తక్కువ కాదు. 2018లో నొకరాత్రి వాడు తల్లితో "నేను లేకపోతే నీకు బరువు తగ్గుతుందమ్మా" అన్నాడు. ఆమె తెల్లవారులు వాని చేయి విడువక కూర్చుండి, ఉదయమున నాకు ఫోను చేసి "అన్నయ్యా, బయలుదేరి రా" అన్నది.

మొదట చూచిన వైద్యునికి మేము దుఃఖమును గూర్చియే చెప్పితిమి. ఆయన విషాదమునకు మందిచ్చెను. ఆయనను నిందింపను, మేము చెప్పినది సగము. మూడు వారములలో నిదుర పోయెను. చిరాకు, తగవులు మొదలయ్యెను. రెండవ రకమువారికి విషాదపు మందు ఒంటరిగా నిచ్చినచో కొందఱ కిట్లు మనసు పైకెగయును. రెండవ వైద్యురాలు వేఱొక ప్రశ్న వేసినది: "నిదుర తగ్గినను అలసట లేని దినములు ఎప్పుడైన నుండెనా?" వాడు లేవనెను. అబద్ధమాడలేదు, అవి వానికి తన జీవితమున మంచి దినములుగానే జ్ఞాపకము. నేను సంచిలోనుండి ఆ యుత్తరములు తీసి బల్లపై పెట్టితిని. ఆమె పద్యములు చదువలేదు. పైనున్న గంటలు మాత్రమే చదివినది.

ఉత్సాహము కలిగిన ప్రతివాడును, పద్యము వ్రాసిన ప్రతివాడును రోగియని నా తాత్పర్యము కాదు. నిదుర తగ్గుట, మాట పెరుగుట, ధనవ్యయము హెచ్చుట, ఇవన్నియు కూడివచ్చి, దినముల తరబడి నిలిచి, పిమ్మట విషాదము క్రమ్మినప్పుడు, ఆ రెండింటిని ఒకేసారి వైద్యునికి చెప్పవలెను. చెప్పవలసినవారు ఇంటివారు. వైద్యుని యొద్దకు పోవుటకు దారి తోచనివారికి 2022 నుండి ప్రభుత్వమువారి టెలిమానస్ అను ఉచిత ఫోను సహాయము కలదు. దాని సంఖ్య 14416.

మా వానికి లిథియమ్ ఇచ్చిరి. అది లవణజాతి మందు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదమున దాని గుణమును ప్రకటించెను. అందఱకును ఇదే యిత్తురని కాదు. వేఱు మందులును కలవు. మందు మొదలైన వారమునకే మా చెల్లెలు వానికి చప్పిడి పథ్యము పెట్టినది, మనలో మందనగానే ఉప్పు మాన్పించుట యాచారము గదా. వైద్యురాలు విని భయపడినది. ఉప్పును నీరును తగ్గినచో మూత్రపిండములు లిథియమును బయటికి పంపక నిలువ చేయును. రక్తములో అది మించి విషమగును. ఎండకాలపు చెమటయు, నీరు ముట్టని యేకాదశి యుపవాసమును అట్టి యపాయమునే తెచ్చును. అందుచేతనే అప్పుడప్పుడు రక్తము పరీక్షింపవలెను. మందును తనంతట మానరాదు.

ఆ శతకమును మొన్న మరల చదివితిని. మొదటి ఇరువది పద్యములు నిజముగా బాగున్నవి. తరువాతివానిలో యతి చాలచోట్ల తప్పినది. ఆనాడు నాకు కనబడలేదు. వానితో ఆ మాట చెప్పగా నవ్వి, "నాకు కనబడ్డది మామయ్యా, దిద్దుతున్నాను, రోజుకు ఒకటి" అన్నాడు. ఇప్పుడును నాకు కార్డులు వ్రాయును. పైన తేదీప్రక్క గంట వ్రాయుట మానినాడు. ఆ రాత్రి ఎంతసేపు నిదురించెనో వ్రాయును. నిన్న వచ్చిన కార్డుపై ఏడు గంటలని యున్నది.