స్టిక్కర్ షీట్లు నాలుగు, చేతులు రెండు జతలు

ఈ వారం ముచ్చట వీసాల గురించి కాదు, టికెట్ల గురించీ కాదు. ప్లాస్టిక్ బొమ్మ మీద అంటించే స్టిక్కర్ల గురించి. నవ్వకండి, కారణం ఉంది.

సౌదీ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. రెండేళ్ల తర్వాత నెల రోజుల సెలవు మీద ఊరికి పోతున్నాడు. తొమ్మిదేళ్ల కొడుకు కోసం గండమ్ కిట్ కొన్నాడు. గండమ్ అంటే మన గండం కాదులెండి, జపాన్ రోబో. బందాయ్ వాళ్ల మాస్టర్ గ్రేడ్ పెట్టె అది. లోపల మూడు రకాల స్టిక్కర్ షీట్లు ఉన్నాయి. షాపువాడు చెప్పాడని వాటర్ స్లైడ్ షీటు ఇంకోటి విడిగా తీసుకున్నాడు. "ఒకటి పాడైతే ఊళ్లో మళ్లీ దొరకదన్నా, వాడి చేతికి ఏది ఇవ్వాలి?" అని అడిగాడు. మంచి ప్రశ్న.

ముందు ఒక మాట. ఆ నాలుగూ అంటించాల్సిన పని లేదు. విడిగా కొన్న షీటులో ఉండేవి చాలావరకు పెట్టెలో ఉన్న గుర్తులే. ఒక చోటికి ఒకటే ఎంచుకోవాలి.

మెరిసే రేకు స్టిక్కర్ బాబుకి ఇచ్చెయ్. రోబో కళ్లకీ, సెన్సర్లకీ వేసేది అదే. మందంగా ఉంటుంది, అంచు కనబడుతుంది, కానీ వంకరగా పడితే వెంటనే మెల్లగా లేపి మళ్లీ పెట్టొచ్చు. చేతి జిడ్డు తుడిచి అంటించమను, చాలు. రెండోది పారదర్శకంగా ఉండే స్టిక్కర్. అదీ పిల్లలు వేయగలరు, కాకపోతే గుర్తు చుట్టూ ఉన్న ఖాళీ ఫిల్మ్‌ని నువ్వు దగ్గరగా కత్తిరించి ఇవ్వు. అంచు ఎంత తగ్గితే అంత బాగుంటుంది.

మూడోది డ్రై ట్రాన్స్‌ఫర్. కంప్యూటర్లు రాకముందు డ్రాయింగ్ ఆఫీసుల్లో లెట్రాసెట్ అక్షరాలు రుద్దేవాళ్లు చూడండి, అదే పద్ధతి. టేపుతో కదలకుండా పట్టించి, మొద్దు పెన్సిలుతో పైనుంచి రుద్దాలి. ఒక్కటే ఛాన్సు, పడ్డాక జరపలేం. వంపు ఉన్న చోట సగం విరిగిపోతుంది. నన్నడిగితే దాన్ని పక్కన పెట్టు. దాని బదులు వాటర్ స్లైడ్ వేసుకో.

అందం అంతా వాటర్ స్లైడ్‌లోనే ఉంది. చిన్నప్పుడు బబుల్‌గమ్ కాగితం తడిపి చేతి మీద అద్దుకున్నాం కదా, దానికి దగ్గర చుట్టమే. కాకపోతే అది బోర్లా పెడతాం, ఇది ముఖం పైకి ఉంచి జరుపుతాం. ఒక్కో గుర్తునే కత్తిరించి, పట్టకారుతో పది సెకన్లు నీళ్లలో ముంచి, టిష్యూ మీద పెట్టి నిమిషం ఆగాలి. వేలితో తాకితే కదిలినప్పుడే, తడిపిన ప్లాస్టిక్ మీదికి కాగితం నుంచి జరపాలి. పీకకూడదు. బాటిల్ నీళ్లు వాడు. ట్యాంకు నీళ్లైతే ఆరాక తెల్ల మరకలు పడొచ్చు, మన వేసవిలో అవి మరీ వేడి కూడా, జిగురంతా కరిగిపోతుంది. సరిగ్గా కూర్చున్నాక ఇయర్‌బడ్‌తో మధ్య నుంచి అంచులకి నీరు అద్దేయాలి.

వంపుల మీద ముడతలు వస్తే మిస్టర్ మార్క్ సాఫ్టర్ లాంటి ద్రవం కొద్దిగా పూస్తారు. అది దొరక్కపోతే వంటింట్లో తెల్ల వెనిగర్ కొంచెం పనిచేస్తుంది. పూయగానే ఫిల్మ్ ఇంకా ముడుచుకుంటుంది. అప్పుడు ముట్టుకోవద్దు! ఆరేకొద్దీ అదే అతుక్కుంటుంది.

ఇంకోటి, గరుకు ప్లాస్టిక్ మీద వేస్తే కింద గాలి చిక్కి వెండి పొరలా మెరుస్తుంది. అందుకే ముందు గ్లాస్ వార్నిష్ వేస్తారు. స్ప్రే డబ్బా మాత్రం విమానంలోకి తీసుకోకు, పెయింటు స్ప్రేలు మండేవి, ఏ బ్యాగులోనూ ఒప్పుకోరు. ఊళ్లో బ్రష్‌తో పూసే నీటి వార్నిష్ చూసుకో.

తమ్ముడూ, రోజుకి అయిదారు గుర్తులు చాలు. నువ్వు జరుపు, వాణ్ణి ఇయర్‌బడ్ పట్టుకోమను. రాత్రి ఆరనివ్వండి, పొద్దున మళ్లీ. ఇంకా పది పన్నెండు రోజుల్లో ప్రయాణం అన్నావు కదా, షీట్లని పెద్ద బ్యాగులో పడెయ్యకు. ఏదైనా పుస్తకం మధ్య పెట్టి చేతి సంచిలో ఉంచుకో. మడత పడితే ఆ ఫిల్మ్ చిట్లుతుంది.