పట్టిన చేపకు ఫొటో తీయునప్పుడు వెలుతురు
(కొత్తకోట ప్రాంత రైతు సోదరులకు చేసిన ప్రసంగము)



మీ కొత్తకోట చుట్టుప్రక్కల చెరువులకు కొదువ లేదు. 1959లో పూర్తియైన సరళాసాగర్ మీ చెంతనే కలదు. ఊరి చెరువులలోను, సొంత పొలములో త్రవ్వుకొన్న గుంటలలోను బొచ్చె, రోహు, మృగాల పెంచువారు మీలో పలువురున్నారు. చేపకు జబ్బు చేసినప్పుడు ఇదివరలో దానిని సంచిలో వేసుకొని అధికారి వద్దకు పరుగెత్తవలసి వచ్చెడిది. ఇప్పుడు గట్టు మీదనే సెల్‌ఫోనుతో ఫొటో తీసి మత్స్యశాఖ వారికో, పెబ్బేరు మత్స్యశాస్త్ర కళాశాల వారికో పంపుటకు వీలున్నది.

సౌకర్యము మంచిదే. కాని వెలుతురు చెడినచో ఫొటో అబద్ధము చెప్పును. రోగమొకటి, మందొకటి అగును. నేను పంటల శాస్త్రము బోధించువాడను. వరి ఆకు ఫొటోలలో వచ్చు చిక్కే చేప ఫొటోలోను వచ్చును. కాని చేపతో చిక్కు మరింత ఎక్కువ. ఎందువలననో ముందుగా చెప్పెదను.

చేప ఏల మెరయును?

చేప చర్మములో గువానిన్ అను పదార్థపు సన్నని పలుకులు పొరలు పొరలుగా పేర్చియుండును. ఒక్కొక్క పలుకు చిన్న అద్దము వంటిది. దానిపై తడి, జిగురు కూడ ఉండును. ఎండ సూటిగా పడినచో ఆ వెలుగు తిరిగి కెమెరాలో కొట్టును. ఆ తెల్లని మెరుపు క్రింద పుండున్నను, పేనున్నను కనబడదు. ఫోనులోని ఫ్లాష్ దీపము చేయునదియు ఇదే. కనుక ఫ్లాష్ ఆపివేయవలెను.

ఏ వేళ, ఏ చోట?

ప్రొద్దుటి ఏటవాలు ఎండ, సాయంత్రపు ఎండ, మబ్బు పట్టిన పగలు మంచివి. మే మొదటి వారములోను, ఆగస్టు మొదటి పక్షములోను మన ప్రాంతమున మధ్యాహ్న సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అట్టి ఎండలో చేప వీపు తెల్లగా మండును, పొట్ట నల్లని నీడలో పడును. మధ్యాహ్నమే తీయక తప్పనిచో గోడ నీడకు పొండు; కాని పైన ఆకాశము కనబడుచుండవలెను. దట్టమైన చెట్టు క్రింద ఆకుల పచ్చదనము చేపకు అంటును.

నీలిరంగు టార్పాలిన్ క్రింద అసలే తీయరాదు. ఆరోగ్యముగానున్న ఎర్రని మొప్ప ఆ నీలి వెలుగులో గోధుమ, నలుపు కలిసినట్లు కనబడును. నీటిలో నైట్రైట్ ఎక్కువైనప్పుడు మొప్ప నిజముగనే గోధుమ రంగుకు తిరుగును. ఫొటో చూచినవారు అదే అనుకొని గుంటలో ఉప్పు చల్లుమందురు. ఖర్చు దండుగ, అసలు రోగము అట్లే యుండును. దీనికి విరుగుడు సులభము: చేప ప్రక్కన ఒక తెల్ల కాగితము ఉంచి ఫొటో తీయుడు. కాగితము నీలముగానో, పసుపుగానో కనబడినచో ఆ ఫొటోలోని రంగును నమ్మరాదని చూచువారికి తెలియును.

దేనికి ఎట్టి వెలుతురు?

పుండు: వెలుతురు ప్రక్కనుండి పడవలెను. అప్పుడు పుండు అంచున చిన్న నీడ ఏర్పడి లోతు తెలియును. 1988లో మన దేశమున ప్రవేశించిన ఇ.యు.ఎస్. అను పుండ్ల వ్యాధి చలికాలములో ఎక్కువ. కొరమీనును మరింత బాధించును. ఆ పుండు కండలోనికి దిగును. వల ఒరుసుకొన్న ఎరుపు పైపైననే యుండును. ఎదురు వెలుతురులో రెండును ఒకే ఎర్రమచ్చవలె కనబడును.

మొప్ప: మూత ఎత్తి, వెలుతురు లోనికి పోవునట్లు చేప తలను త్రిప్పుడు. ఒకరు తెల్ల తువ్వాలునో, అట్టనో ఎదుటి ప్రక్క పట్టుకొన్న, వెలుగు దానిపై పడి నీడలోనికి పోవును. చచ్చిన చేప మొప్ప కొద్ది గంటలలో పాలిపోవును గనుక చేప ఎప్పుడు చచ్చినదో తప్పక వ్రాయుడు.

చేప పేను: ఇది పలుచని బిళ్ళవలె, దాదాపు పారదర్శకముగా నుండును. ప్రక్క వెలుతురులో దాని అంచు పైకి తేలును. ఫోను కొద్దిగా అటునిటు వంచి, మెరుపు తొలగిన చోట తీయుడు.

చేపను తెల్ల పళ్ళెములో పెట్టకుడు. తెలుపును చూచి ఫోను వెలుగు తగ్గించును, చేప నల్లబడును. తడిపిన గోనెసంచి మేలు. తీయుటకు ముందు ఫోను తెరపై చేప ఉన్న చోట వ్రేలితో తాకుడు. మీ నీడ చేపపై పడకుండ నిలువుడు.

బ్రతికిన చేపయైనచో చోటు, వెలుతురు, కాగితము అన్నియు సిద్ధము చేసుకొనిన పిమ్మటనే నీటినుండి తీయుడు. చేతులు తడి చేసుకొనుడు. రెండు మూడు ఫొటోలు తీసి వెంటనే వదలుడు.

ఒక హెచ్చరిక

తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నచో అది నీటిలో ప్రాణవాయువు తగ్గిన గుర్తు. అప్పుడు వెలుతురు కొరకు కాచుకొని కూర్చుండరాదు. ముందు మోటారు వేసి క్రొత్త నీరు పెట్టుడు, ఏరేటరున్న త్రిప్పుడు, మేత ఆపుడు. ఫొటో ప్రొద్దెక్కిన తరువాత తీయవచ్చును.

ఫొటో పంపుటకు ముందు పెద్దది చేసి చూచుకొనుడు. మీ కంటికి గట్టు మీద కనబడిన పుండు ఫొటోలో కనబడకున్న, మరల తీయుడు. మందు కొనుటకు తొందరపడుటకంటె ఇంకొక ఫొటో తీయుట చవుక.