సులోచన: మూకీ తెర రాణి, టాకీ బడి విద్యార్థిని

 

మూకీల చరిత్ర చెప్పాలంటే మనం ఫాల్కేతోనో రఘుపతి వెంకయ్యతోనో మొదలుపెడతాం. ఈ సదస్సులో మాత్రం ఒక నటితో మొదలుపెడదాం.

రూబీ మయర్స్ 1907లో పుణేలో బాగ్దాదీ యూదు కుటుంబంలో పుట్టారు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేశారు. కోహినూర్ కంపెనీ దర్శకుడు మోహన్ భవ్నాని సినిమాకు పిలిస్తే మొదట కాదన్నారు. ఆడపిల్ల తెర మీదికెక్కితే నలుగురూ నాలుగు మాటలనే రోజులవి. చివరికి ఒప్పుకుని సులోచన అయ్యారు. గొంతుతో ఉద్యోగం చేసిన మనిషి, గొంతుతో పనిలేని కళలో పేరు తెచ్చుకున్నారు.

1927 నాటి ‘వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే’లో ఆమెవి ఎనిమిది వేషాలు. వాటిలో పోలీసు, తోటమాలి, అరటిపళ్ల వ్యాపారి, తెల్లదొరసానితో పాటు మన హైదరాబాదీ పెద్దమనిషి కూడా ఉన్నాడు. యాస లేదు, సంభాషణ లేదు. ఎవరు ఎవరన్నది నడకలో, చూపులో, నిలబడే తీరులో తేలాలి. తర్వాత ఇంపీరియల్ కంపెనీలో దిన్షా బిలిమోరియా జోడీగా ‘మాధురి’, ‘అనార్కలి’ (1928), ‘ఇందిరా బి.ఏ.’ (1929) వచ్చాయి. ఆమె జీతం బొంబాయి గవర్నరు జీతాన్ని మించిందని చెప్పుకునేవారు.

1931లో అదే ఇంపీరియల్ ‘ఆలం ఆరా’ టాకీ తీసింది. నాయిక మాత్రం జుబేదా. సులోచనకు హిందుస్తానీ సరిగా రాదు. అన్నాళ్లూ తెర ఆమెను భాష అడగలేదు, ఇప్పుడు అడిగింది. ఆమె అలిగి కూర్చోలేదు. ఏడాదిపాటు భాష నేర్చుకుని, 1932లో ‘మాధురి’ టాకీతో తిరిగొచ్చారు. బి.ఏ. చదివిన ఇందిర 1934లో టాకీలో ‘ఇందిరా ఎం.ఏ.’ అయింది. 1935లో ‘అనార్కలి’ మాట్లాడింది.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. ఇదే ఇంపీరియల్ పక్షాన హెచ్.ఎం. రెడ్డి 1932లో తెలుగులో ‘భక్త ప్రహ్లాద’ తీశారు. పద్యం పాడగల సురభి కమలాబాయి వంటి రంగస్థల నటులకు ఆ టాకీ తలుపు తెరిచింది. సులోచనను బడికి పంపిన శబ్దమే మన నాటకాల వాళ్లకు పిలిచి పీట వేసింది. టాకీ రాకను కేవలం ప్రగతిగానే రాసే మన చరిత్రకారులు ఈ రెండు ముఖాలూ చూడాలి.

1953 ‘అనార్కలి’లో ఆమె సలీం తల్లి. రెండుసార్లు అనార్కలి అయిన నటికి మూడోసారి దక్కిన పాత్ర అది. ఆ తర్వాత చిన్నచిన్న వేషాలే. 1973 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం వచ్చింది. 1983లో కన్నుమూశారు.

మన దేశంలో తీసిన వెయ్యికి పైగా మూకీలలో మిగిలినవి బహు కొద్ది. అందువల్ల మూకీ నటుల చరిత్ర చాలావరకు కరపత్రాల్లో, నిశ్చల చిత్రాల్లో, పత్రికా ప్రకటనల్లోనే దొరుకుతుంది. పాత సినిమా హాళ్ల యజమానుల ఇళ్లలో, అటకల మీద అలాంటి కాగితం కనిపిస్తే తూకానికి అమ్మనివ్వకండి. 1964 నుంచి పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, అక్కడికి చేర్చండి. పత్ర సమర్పకులు కూడా తాము చూసిన ఆధారం ఏ ఊళ్లో, ఎవరి దగ్గర ఉందో తప్పక నమోదు చేయాలని కోరుతూ, సదస్సును ప్రారంభిస్తున్నాను.