చదువు పలకల యెంపిక: ఒక లెక్కలవాని మనవి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



నేను పండితుడను గాను. మా తాతగారు కరణీకము చేసిరి. నేను సహకార సంఘమున జమాఖర్చులు వ్రాయుచున్నాను. సాయంకాలము చిట్టా మూసిన పిదప ఈ గ్రంథాలయపు బల్లయొద్ద నిఘంటువును ప్రక్కన నుంచుకొని, భారత భాగవతములను కూడబలుకుకొని చదివికొన్నవాడను. ఈ బీరువాలే నాకు గురువులు. అట్టి నన్ను పద్యములనుగూర్చి కాక, ఈ-రీడర్లనుగూర్చి మాటాడుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. కారణము మీ రెరుగుదురు. దాత యొకరు కొంత సొమ్మిచ్చి, దానితో పుస్తకములు చదువు యంత్రము కొనవలసినదని కోరిరి. చిన్నవి మూడు కొందమని యువకులును, పెద్దది యొకటి కొందమని వృద్ధులును పట్టుపట్టిరి. లెక్క తేల్చు భారము నాపై బడినది.

ముందుగా వస్తువు నెరుగుదము. అంగడిలో దొరకు చదువు పలకలు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది సెల్‌ఫోనువలె వెలుగు చిమ్ము తెర గల ట్యాబు. రెండవది ఈ-ఇంకు తెర గల ఈ-రీడరు. ఈ తెరలో కంటికి కానరాని గుళికలు లక్షలకొలది యుండును. ఒక్కొక్క గుళికలో తెల్లని రేణువులును నల్లని రేణువులును విద్యుదావేశముతో తేలుచుండును. నల్లనివి పైకి వచ్చినచోట అక్షరము కానవచ్చును. పుట ఏర్పడిన పిదప, మరల త్రిప్పువరకు ఆ అక్షరములు నిలుచుటకు విద్యుత్తుతో పని లేదు. అందుచేతనే ఒక్కసారి చార్జి చేసిన వారములతరబడి నడచును. ఎండలోను కాగితమువలె చదువవచ్చును. ట్యాబున కట్టి యోపిక లేదు, ఎండలో వెలవెలబోవును. కాని రంగులును, బొమ్మలును, వినికిడియు దానికి గలవు, వెలయు తక్కువ.

ఈ-ఇంకు తెరతో సోనీవారి పరికరము 2004లో జపానునందును, అమెజాన్‌వారి కిండిల్ 2007 నవంబరులో అమెరికాయందును వెలువడినవి. నాటి కిండిల్ తెరపై అంగుళమునకు 167 చుక్కలు. నేటి పరికరములలో పెక్కింట 300. కావున అక్షరపు నునుపునకు నేడు లోటు లేదు. చిక్కు వేరొకచోట నున్నది. అది నేను సొమ్ము పోగొట్టుకొని తెలిసికొంటిని.

రెండేండ్ల క్రిందట వెల చౌక యని 6 అంగుళముల ఈ-రీడరు నొకదానిని కొంటిని. అందులో పాత ముద్రణపు భాగవతము నెక్కించి, ఆత్రముతో తెరచితిని. అక్షరములు చీమలబారువలె నుండెను. ఒత్తులు పోల్చుకొనుట దుర్ఘటమాయెను. ‘ధర్మపత్ని’ యనుదానిని ‘ధర్మపత్తి’ యని చదివి, పత్తి లెక్కలు వ్రాయువానికి భాగవతమునను పత్తియే కనబడుచున్నదని నవ్వుకొంటిని. పిదప కొలబద్ద తీసి కొలిచితిని. అంగడివాడు చెప్పు 6 అంగుళములు తెర వెడల్పు కాదు, ఎత్తును కాదు. మూలనుండి మూలకు గీచిన కర్ణము. పావులూరి మల్లన గణితమును తెనిగించిన భాష మనది. కరణము మనుమడనయ్యు నేను కర్ణము మరచితిని!

ఇక లెక్క వినుడు. 6 అంగుళముల తెర వెడల్పు సుమారు 3.6, ఎత్తు 4.8 అంగుళములు. డెమ్మీ పుస్తకపు పుట వెడల్పు 5.5, ఎత్తు 8.5. పుట యంతయు ఆ తెరలో ఇముడవలెనన్న అక్షరము నూటికి 56 వంతులకు కుదించుకొనిపోవును. పలకను అడ్డముగా త్రిప్పిన 87 వంతులగును గాని, సగము పుటయే కనబడును. పద్య మొక తెరపై, ప్రతిపదార్థము వేరొక తెరపై పడును. ఇటునటు త్రిప్పులాటలో రసము జారిపోవును. అదే 10.3 అంగుళముల తెరయైనచో అక్షరము నూటికి 97 వంతులు నిలుచును.

‘అక్షరమును పెద్దది చేసికొనరాదా?’ యని యువకు లడిగిరి. మంచి ప్రశ్న. అక్షరములుగా టైపు చేసిన పుస్తకమునకు ఆ సదుపాయము గలదు. వరుసలు తామే సర్దుకొనును. తెలుగు వికీసోర్సులో ఔత్సాహికులు పలు గ్రంథముల నట్లు మార్చి యుంచిరి. అట్టివి చదువుటకు చిన్న పలకయే హాయి. కాని మన పాత తెలుగు గ్రంథములలో అధికభాగము మనకు లభించుచున్నది పుటల ఛాయాచిత్రములుగనే. చిత్తూరు జిల్లాలో బుట్టి, 1994లో ట్యూరింగ్ బహుమానము నందిన రాజ్ రెడ్డిగారు ప్రోత్సహించిన పది లక్షల పుస్తకముల పథకమున, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేర వేలకొలది తెలుగు పుస్తకములు స్కాను చేయబడినవి. వానిలో పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవులో నున్నవి. ఛాయాచిత్రమున అక్షరమొక్కటి పెరుగదు. పుటయంతయు పెరిగి తెర దాటిపోవును. 2016 డిసెంబరులో కిండిల్ అంగడి హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళములకు తలుపు తెరచినది. ఆ యైదింట తెలుగు లేదు. కావున ఇంగ్లీషు చదువరికి సరిపడు పలక తెలుగు చదువరికిని సరిపడునని యెంచరాదు.

రెండవ విషయము స్వామ్యము. మన పుస్తకమునకు ముద్ర వేసి, వరుససంఖ్య యిచ్చి, రిజిస్టరున కెక్కింతుము. అది మనది. అంగడివారి వద్ద కొన్న ఈ-పుస్తకము అట్లు కాదు. 2009 జూలైలో జార్జి ఆర్వెల్ వ్రాసిన ‘1984’ను, అమ్మినవారికి హక్కు లేదన్న కారణమున, అమెజాన్‌వారు కొన్నవారి పలకలనుండి దూరమునుండియే తుడిచివేసిరి, సొమ్ము తిరిగి యిచ్చిరి, పిదప క్షమాపణయు చెప్పిరి. 2019లో మైక్రోసాఫ్ట్‌వారు పుస్తకముల యంగడి మూసినప్పుడు, కొన్న పుస్తకములు తెరచుకొనకపోయినవి. అక్కడను సొమ్మే తిరిగి వచ్చినది. సొమ్ము జమకు వచ్చిన లెక్క సరిపోవును గాని గ్రంథాలయము సరిపోదు. కాబట్టి ఒక్క యంగడికి కట్టుబడక, పీడీఎఫ్, ఈపబ్ దస్త్రములను తీగద్వారా నేరుగా స్వీకరించు పలకనే కొనవలెను. మూలప్రతులను వేరొక డిస్కులో భద్రపరచి, వానికిని రిజిస్టరు పెట్టవలెను. రచయిత గతించిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు గడచిన రచనలనే యెక్కింపవలెను. పరుల సొత్తుతో గ్రంథాలయము నింపుట ధర్మము గాదు.

ఇక తీర్పు. మన బీరువాలోని భాగవతము పుట త్రిప్పిన పొడి యగుచున్నది. రెండేండ్లుగా దానిని తాళము వేసి యుంచినవాడను నేనే. ప్రతి సాయంకాలము దానికొరకే వచ్చు వృద్ధులొకరు మూడు నెలలు అడిగి అడిగి, పిదప వచ్చుట మానిరి. పుస్తకమును కాపాడితినని నేను సంతసించితిని. పాఠకుని పోగొట్టితినని ఆలస్యముగ తెలిసినది. అందుచేత పెద్ద తెర ఈ-రీడరు నొకదానిని కొని, ఈ బల్లమీదనే యుంచవలెనని నా మనవి. యువకులారా, మీ కోరిక న్యాయమైనదే; పరీక్షల పుస్తకములకు చిన్న పలక చాలును. దానిని వచ్చే యేటి చందాలతో కొందము. నా వంతు ముందుగా నేను చెల్లింతును. కాని నేడు మూడు ఖాళీ విస్తళ్లకన్న అన్నము వడ్డించిన విస్తరి యొకటి మేలు గదా!

పలక వచ్చిననాడు ఆ వృద్ధుల యింటికి నేనే పోయి, చేయి పట్టుకొని తీసికొనివచ్చెదను. మొదటి పద్యము వారిచేతనే చదివింతము.