మాటకూ పత్తెం ఉండాలి

 

మన ఒంటిమిట్ట పక్క జబ్బు చేసి లేచిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "పత్తెం చేస్తాండావా?" అన్నది మొదటిది. "చేనికాడికి ఎప్పుడు పోతావు?" అన్నది రెండోది. మొదటి ప్రశ్నలో, ఈ మనిషి ఇంకా పూర్తిగా కోలుకోలేదన్న తెలివిడి ఉంది. రెండోదాంట్లో తొందర ఉంది. చూడవచ్చినవాళ్లు దాన్ని ఒకసారి అడిగి వెళ్లిపోతారు. మంచం మీద ఉన్న మనిషి మాత్రం తనను తానే పదేపదే అడుక్కుంటాడు. "ఇంతమాత్రం జ్వరానికి ఇన్నాళ్లా? పక్కింటాయన వారానికే లేచినాడే! నేనే సోమరిపోతునైపోయినా" అని తిట్టుకుంటాడు. పులుపు మానేస్తాం, నూనె మానేస్తాం, గంజి తాగుతాం. మనల్ని మనం తిట్టుకునే మాటకు మాత్రం ఏ పత్తెమూ పెట్టం. ఆ పత్తెం ఎట్లా చేయాలన్నదే ఈరోజు మన ముచ్చట.

2006 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకుముందు ఏడాది చివర్లో మన రాష్ట్రంలో చికున్‌గున్యా మళ్లీ తలెత్తింది. 2006లో దేశం మొత్తమ్మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. రాయలసీమ పల్లెల్లో ఇంటికి ఇల్లే మంచం పట్టిన సందర్భాలున్నాయి. ఈ జబ్బులో జ్వరం వారం లోపే దిగుతుంది. కీళ్ల నొప్పులు మాత్రం కొందరిని నెలల తరబడి వదలవు. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, చెంబు పట్టుకోబోతే జారిపోతుంది. ఒళ్లు ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు జబ్బు పోయినట్టే లెక్క. చిక్కు అక్కడే మొదలవుతుంది. పైకి కనపడని నొప్పిని ఇంట్లోవాళ్లు నమ్మరు. కొన్నాళ్లకు ఆ మనిషి కూడా తన నొప్పిని తానే నమ్మడం మానేస్తాడు. కరోనా తర్వాత నీరసంతో బాధపడినవాళ్లకూ, టైఫాయిడ్, డెంగీ నుంచి లేచినవాళ్లకూ ఇదే అనుభవం.

ఆడవాళ్ల సంగతి ఇంకొంచెం కష్టం. బాలింతకు మన ఇళ్లలో విశ్రాంతి ఉంది. వేన్నీళ్లు, పత్తెం కూడు, పనిలో సాయం అన్నీ అమరుస్తారు. అదే ఆడమనిషి గర్భసంచి ఆపరేషన్ చేయించుకుని వస్తే ఆ మర్యాద ఉండదు. కొన్ని వారాల పాటు బరువులెత్తవద్దని డాక్టర్లు చెప్పి పంపుతారు. పది రోజులు తిరగకుండానే బిందె చంకకెక్కుతుంది. ఎవరూ ఎక్కించమనలేదు, తనే ఎక్కించుకుంటుంది. ఎందుకమ్మా అంటే, "కూర్చుని తింటే నాకే సిగ్గుగా ఉంది" అంటుంది. కుట్టు మానాల్సిన రోజుల్లో సిగ్గుపడాల్సిన పనేముంది?

మనతో మనం దయగా ఉండటం గురించి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003 నుంచి పరిశోధన పత్రాలు రాస్తూ వస్తున్నారు. ఆమె చెప్పేదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇట్లా ఉంటుంది. కష్టంలో ఉన్నప్పుడు మనల్ని మనం తిట్టుకోకుండా ఆదరించుకోవాలి. ఈ కష్టం నా ఒక్కడికే వచ్చింది అనుకోకుండా, మనుషులందరికీ వచ్చేదేనని గుర్తుంచుకోవాలి. నొప్పిని దాచిపెట్టకుండా, అట్లాగని గోరంతను కొండంత చేయకుండా, ఉన్నది ఉన్నట్టు గమనించాలి.

మనల్ని మనం ఇట్లా ముద్దు చేసుకుంటే బద్ధకం పెరగదా అని మీకు అనుమానం రావచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో బ్రైన్స్, చెన్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి 2012లో ప్రచురించారు. కష్టమైన పరీక్ష ఒకటి పెట్టి, అందులో తప్పిన విద్యార్థుల్లో కొందరికి తమను తాము నిందించుకోవద్దని, తప్పడం అందరికీ ఉండేదేనని చెప్పారు. తర్వాతి పరీక్షకు మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు కూర్చుని చదివింది వీళ్లే. తిట్టు మనిషిని కాసేపు పరిగెత్తిస్తుందేమో గానీ, చాలాదూరం నడిపించేది ఆదరణే.

ఇక పత్తెం ఎట్లా చేయాలో చూద్దాం. మొదట, తిట్టును పట్టుకోండి. "నేను పనికిరాను" అన్న మాట లోపల వినపడగానే దాన్ని పైకి మెల్లగా అనండి. ఆ మాటనే జబ్బు పడిన మీ చెల్లెలితో అనగలరా? అనలేరు. "అమ్మీ, ఈరోజు ఇంతే అయింది, చాల్లే, రేపు చూసుకుందాం" అంటారు. ఆ మాటే మీకు మీరు చెప్పుకోండి. మొదట్లో అది నాటకంలా ఉంటుంది. ఉండనీయండి, చెప్పుకోవడం మానొద్దు.

రెండోది, విశ్రాంతికి లెక్క. మనలో చాలామంది కాస్త ఓపిక రాగానే పెండింగు పనులన్నీ ఒక్క పొద్దులో చేసి, తర్వాత రెండు మూడు రోజులు లేవలేకపోతారు. నీరసం పూర్తిగా ముంచేసినాక పడుకోవడం విశ్రాంతి కాదు. అలసట రాకముందే ఆగాలి. అరగంట పని చేయగలిగిన వాళ్లు ఇరవై నిమిషాలకే కూర్చోండి. వారం రోజులు అది ఇబ్బంది లేకుండా జరిగితే ఇంకొంచెం పెంచండి. ఇంకా ఒక మాట. కీళ్ల నొప్పులు త్వరగా పోవాలని, మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ బిళ్లలు తెచ్చుకుని మింగకండి. డాక్టరు రాసి ఇస్తేనే వాడండి.

ఇప్పుడు కాలం మారే సంగతి. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం ఒక ఋతువు చివరి ఏడు రోజులనూ, వచ్చే ఋతువు మొదటి ఏడు రోజులనూ కలిపి ఋతుసంధి అంటుంది. ఆ రోజుల్లో పాత అలవాటును కొంచెం కొంచెంగా వదులుతూ, కొత్త అలవాటును కొంచెం కొంచెంగా పట్టమంటుంది. ఒక్కసారిగా మారిస్తే రోగాలొస్తాయని హెచ్చరిస్తుంది. ఇంకో ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు కార్తీకం చివరి ఎనిమిది రోజులనూ మార్గశిరం మొదటి ఎనిమిది రోజులనూ యమదంష్ట్ర, అంటే యముడి కోర, అన్నాడు. ఆ రోజుల్లో మితంగా తిన్నవాడే బతుకుతాడన్నాడు. ఆయన మాటను భయపెట్టడానికి కాదు, జాగ్రత్తకు తీసుకుందాం. వాన వెలిసి చలి దిగే ఈ రోజుల్లో కోలుకుంటున్న ఒంటికి కీళ్లు పట్టేయడం, ఆయాసం, నిద్ర చెదరడం మామూలే. అది మీ అసమర్థత కాదు. పొద్దున్నే లేచి చల్లనీళ్లలో చేతులు పెట్టే పనులను ఎండ వచ్చేదాకా వాయిదా వేయండి.

వేసవిలో ఇది తిరగబడుతుంది. మన ఊరి కోదండరామస్వామి కల్యాణం చైత్రంలో రాత్రిపూట జరుగుతుంది. 2015 నుంచి అది రాష్ట్ర ప్రభుత్వ ఉత్సవం. 2025లో ఏప్రిల్ 11న పొద్దుగూకినాకే జరిగింది. చంద్రుడి కోరిక తీర్చడానికే స్వామి వెన్నెల్లో పెళ్లాడతాడని స్థలపురాణం చెబుతుంది. కథ సంగతి ఎట్లున్నా, కడప ఎండలు తెలిసినవాళ్లకు ఆ వేళ ఎంత హాయో నేను చెప్పక్కర్లేదు. మీ పనులకూ అట్లా వేళలు మార్చుకోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా కోలుకుంటున్న మనిషి చేలో ఉండకూడదు. దప్పిక కాకముందే మజ్జిగో నీళ్లో తాగుతుండండి. రక్తపోటుకు, గుండెకు మందులు వాడేవాళ్లు ఎండాకాలం రాగానే డాక్టరును ఒకసారి కలవండి. మోతాదు మార్చాల్సి రావచ్చు.

కాలం ఒంటినే కాదు, జ్ఞాపకాలనూ కదుపుతుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు వరద రాజంపేట పక్క పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మీదకు వచ్చింది. ప్రాణాలు పోయాయి, ఇళ్లు పోయాయి, గొడ్లు పోయాయి, చేలల్లో ఇసుక మేట వేసింది. మన ఒంటిమిట్టకు ఆ ఊళ్లు దూరమేమీ కాదు. వాటిల్లో మనకు బంధువులున్నారు. ఇప్పటికీ కార్తీకంలో రాత్రిపూట గట్టి వాన పడితే అక్కడ కొందరికి నిద్ర పట్టదు. గుండె దడదడ లాడుతుంది, మాటిమాటికీ లేచి బయటికి చూస్తారు. "ఇన్నేళ్లయినా ఈ పిరికితనమేంటి" అని తమనే కోప్పడతారు. అది పిరికితనం కాదు. అపాయం ఏ కాలంలో వచ్చిందో ఒళ్లు గుర్తు పెట్టుకుంది. అట్లాంటి రాత్రి ఒంటరిగా పడుకోవద్దు. దీపం వేసుకోండి. పాదాలు నేలకు ఆనించండి. "ఇది ఈ ఏటి వాన. నేను ఇప్పుడు ఈ ఇంట్లో, ఈ గదిలో ఉన్నా" అని పైకి చెప్పండి. చుట్టూ కనపడే వస్తువుల పేర్లు ఒక్కొక్కటీ అనండి.

ఉన్నది ఉన్నట్టు గమనించే ఎరుక అంటే ఇదే. దీనికి కొండగుహ అక్కర్లేదు. మన గుడి మండపంలో 32 స్తంభాలున్నాయి. ఒక స్తంభం నీడన కూర్చుని ఐదు నిమిషాలు ఊపిరి వచ్చిపోవడాన్ని గమనించండి. మనసు అప్పు మీదకో, ఆసుపత్రి బిల్లు మీదకో పోతుంది. పోయిందని తెలిసినప్పుడల్లా మెల్లగా వెనక్కు పిలవండి, కసరకండి. ముస్లిం అయిన ఇమాంబేగ్ తవ్వించిన బావి ఉన్న గుడి ఇది. ఇక్కడ ఏ మతంవాళ్లయినా ఈ పని చేయవచ్చు, మసీదులోనో చర్చిలోనో మీ ఇంటి అరుగు మీదనో కూడా చేయవచ్చు. కళ్లు మూసుకుంటే భయం పెరిగేవాళ్లు కళ్లు తెరుచుకునే చేయండి.

చివరిది, సాయం అడగడం. మనకు నామోషీ ఎక్కువ. వావిలకొలను సుబ్బారావు గారిని గుర్తు తెచ్చుకోండి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా పని చేసిన మనిషి, ఆంధ్ర వాల్మీకి అని పేరున్న మనిషి, ఈ గుడి బాగు కోసం టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా భిక్షమెత్తారు. చిప్పలో పడిన డబ్బులతోనే పనులు జరిగాయి. అంతటి ఆయనే అడగగా లేంది, మీరు నాలుగు రోజులు నీళ్లు తెచ్చిపెట్టమని మరదలిని అడగడానికి ఎందుకు మొహమాటం? "కొంచెం చూసుకో" అంటే ఎవరికీ అర్థం కాదు. "ఈ వారం పాలు నువ్వు పిండు" అని విడమరచి చెప్పండి.

కొన్నింటికి మాత్రం పత్తెం చాలదు. ఛాతీలో నొప్పి, కూర్చున్నా ఆయాసం, తగ్గిన జ్వరం మళ్లీ రావడం, కాలో చెయ్యో పడిపోవడం, వీటిలో ఏది కనపడినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉన్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును ఇప్పుడే గోడ మీదనో కేలండరు మీదనో రాసిపెట్టుకోండి. మీకు అవసరం లేకపోయినా, మీ ఇంటికి వచ్చిపోయే వాళ్లలో ఎవరికో ఒకరికి పనికొస్తుంది.